టర్బో బండికి కందెన

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు మన పెద్దలు. ఆముదంలో గడ్డిమసి కలిపి ఇరుసుకు పట్టించడం రైతు మరచిపోతే, బండి ఊరి పొలిమేరలో ఉండగానే ఇంట్లోవాళ్ళకు ఆ సంగతి తెలిసిపోయేది. ఆ కిర్రుచప్పుడు నలుగురి ఎగతాళికి గురి అయినా ఒక మేలు చేసేది. ఇరుసు పూర్తిగా అరిగిపోకముందే యజమానిని హెచ్చరించేది. నేటి మోటారు కార్లలోని టర్బో అనే పరికరానికి ఆ సంగీతం లేదు. తగిన ఆయిలు అందకపోయినా అది నెలల తరబడి నోరు మెదపదు. మెదిపిన నాడు సైరను మోగినట్టు ఒక ఊళ వినిపిస్తుంది. అప్పటికి చేయగలిగినది సాధారణంగా ఏమీ మిగిలి ఉండదు.

అందుచేత వాడిన టర్బో కారు కొన్నవారు, కొనదలచినవారు చెవిని నమ్ముకోరాదు. కంటికి పని చెప్పాలి. ఆయిలు డబ్బా మీది అక్షరాలు, కారుతో వచ్చిన చేతిపుస్తకంలోని పట్టిక, విడిభాగం మీది సంఖ్య, పాత యజమాని దాచిన రసీదులు, వీటిని చదవడం నేర్చుకోవాలి. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాడికి ఇంజనుల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. అనువాదం నా జీవిక. కవిత్వం కంటె యంత్రాల చేతిపుస్తకాలే నా బల్ల మీదికి ఎక్కువగా వస్తుంటాయి. వాటిలోని మాటలను తూచి చూడడం అలవాటైనవాడిగా ఈ నెల ఈ విషయం ఎత్తుకున్నాను.

గాలిని కూరే చక్రం

ఇంధనం మండాలంటే గాలి కావాలి. మామూలు ఇంజను తన ఊపిరికి అందినంత గాలినే పీల్చుకుంటుంది. టర్బో ఉన్న ఇంజనులో, పొగగొట్టం గుండా వృథాగా పోవలసిన వేడి వాయువులు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో కొనన ఉన్న మరో చక్రం బయటి గాలిని లాగి, అదిమి, ఇంజనులోకి కూరుతుంది. గాలి ఎక్కువైనకొద్దీ దానికి తగినంత ఇంధనాన్ని మండించవచ్చు. ఇంజను పరిమాణం పెరగకుండానే శక్తి పెరుగుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ ఉపాయానికి పేటెంటు సంపాదించాడు. అది మొదట ఓడలకు, రైలింజనులకు, లారీలకు ఉపయోగపడింది. 1962లో అమెరికాలో రెండు కార్లకు అమర్చి చూశారు. 1970ల చివరికి స్వీడనులో సాబ్, జర్మనీలో మెర్సిడిస్ బెంజ్ కంపెనీలు దానికి కార్లలో స్థిరమైన స్థానం కల్పించాయి.

మన దేశంలో మధ్యతరగతి గృహస్థు వాకిట్లోకి టర్బోను తెచ్చినది ముఖ్యంగా ఒక చిన్న డీజిలు ఇంజను. ఐరోపాలో 2003లో వెలువడిన ఫియట్ వారి 1.3 లీటర్ల మల్టీజెట్ అది. దాని అసలు పరిమాణం 1,248 ఘన సెంటీమీటర్లు. 2007లో మారుతి స్విఫ్ట్ డీజిలుతో మన బజారులో దాని జైత్రయాత్ర మొదలయింది. డిజైరు, రిట్జ్, ఎర్టిగా, టాటా ఇండికా విస్టా, ఫియట్ పుంటో, లీనియా, ఇన్ని కార్ల బానెట్టు కింద ఒకే గుండె కొట్టుకున్నది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చినప్పుడు మారుతి కంపెనీ డీజిలు కార్లను విరమించుకున్నది. అప్పటికే అమ్ముడుపోయిన లక్షలాది కార్లు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. 2015లో జాతీయ హరిత న్యాయస్థానం, 2018లో సుప్రీంకోర్టు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు వాహనాల మీద ఆంక్షలు విధించిన తరువాత, అక్కడి కార్లు అనేకం ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. మరో వంక, ఒక లీటరు పరిమాణంలో మూడు సిలిండర్లతో పనిచేసే టర్బో పెట్రోలు కార్లు కూడా ఇప్పుడు వాడిన బండ్ల బజారుకు చేరుతున్నాయి.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఈ బజారుకు చక్కగా సరిపోతుంది. కొన్నాళ్ళకే టర్బో చెడితే, దాని ఖర్చు కొత్త యజమాని గుండె గుభేలుమనిపిస్తుంది. మామూలు వాహన బీమా ప్రమాదాలకే తప్ప ఇటువంటి అరుగుదలకు వర్తించదు. పిల్లల చదువుకో, ఇంటి మరమ్మతుకో దాచిన సొమ్ము ఒక పిడికెడు చక్రానికి పోతుంది. ఈ నష్టంలో చాలా భాగాన్ని ఏటా మూడు నాలుగు లీటర్ల సరైన ఆయిలుతో తప్పించవచ్చు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు?

ఆయిలు మీద తేలే ఇరుసు

మన వంటింటి మిక్సీ నిమిషానికి సుమారు 18 వేల చుట్లు తిరుగుతుంది. చిన్న కారులోని టర్బో ఇరుసు వేగంగా నడుస్తున్నప్పుడు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేగంలో లోహం లోహాన్ని తాకితే క్షణంలో పని ముగుస్తుంది. అందుకే చాలా కార్లలో ఆ ఇరుసును బంతుల బేరింగు మీద కూర్చోబెట్టరు. సన్నని లోహపు గాజులలాంటి బేరింగుల మధ్య, ఒత్తిడితో వచ్చే ఆయిలు పొర మీద దాన్ని తేలనిస్తారు. ఆ పొర మందం తలవెంట్రుక మందంలో చిన్న భాగం మాత్రమే. అంటే ఇక్కడ ఆయిలు బేరింగుకు పూసే పూత కాదు, అదే బేరింగు.

ఇరుసుకు ఒక పక్క చక్రాన్ని తాకే వాయువుల వేడి డీజిలు కారులో ఏడెనిమిది వందల సెంటీగ్రేడు డిగ్రీల దాకా ఉంటుంది. పెట్రోలు కారులో తొమ్మిది వందలు దాటుతుంది. ఆయిలు ఆ వేడిని మోసుకుపోవాలి, మసిని తనలో కలుపుకొని ఫిల్టరు దాకా తీసుకుపోవాలి, ఇరుసును నిలబెట్టాలి. ఈ మూడు పనులకూ అది వచ్చే దారి ఒక సన్నని గొట్టం. పని ముగించుకున్న ఆయిలు కింది గొట్టం గుండా తన బరువుతో తానే జారి ఇంజను అడుగున ఉన్న తొట్టికి చేరుతుంది. నాసిరకం ఆయిలు, లేదా కాలం మీరిన ఆయిలు, ఆ వేడికి మాడి, గిన్నె అడుగంటినట్టు గొట్టాల లోపల గట్టిపడుతుంది. పై గొట్టం సన్నబడితే టర్బో దాహంతో చస్తుంది. కింది గొట్టం మూసుకుపోతే ఆయిలు వెనక్కి తన్ని, సీళ్ళు దాటి, గాలి గొట్టాలలోకి కారుతుంది.

మల్టీజెట్ వంటి ఇంజనులకు మరొక చిక్కు ఉన్నది. వాటి వాల్వులను నడిపే టైమింగు చెయినును బిగువుగా ఉంచే టెన్షనరు కూడా ఆయిలు ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిలు మార్పిడి వాయిదా వేసినవారికి టర్బో కంటె ముందు చెయినే సాగవచ్చు. ఉదయం మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ముందువైపు నుంచి గలగలమనే చప్పుడు వస్తే దాన్ని ఉపేక్షించరాదు.

డబ్బా మీది వ్యాకరణం

ఆయిలు డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది కంపెనీ పేరు. మీకు కావలసినది వెనుక వైపు చిన్న అక్షరాలలో ఉంటుంది. దాన్ని మూడు వాక్యాలుగా చదవండి.

మొదటి వాక్యం చిక్కదనం గురించి. 5డబ్ల్యు-30, 5డబ్ల్యు-40, 15డబ్ల్యు-40 వంటి గుర్తులు అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘం, అంటే ఎస్.ఏ.ఇ., ఏర్పరచినవి. ‘డబ్ల్యు’ అంటే బరువు అని కొందరు చెబుతారు. అది చలికాలాన్ని సూచించే అక్షరం. దాని ముందున్న అంకె చిన్నదైనకొద్దీ చల్లని ఇంజనులో ఆయిలు త్వరగా పారుతుంది. తరువాతి సంఖ్య 100 డిగ్రీల వేడిలో ఉండే చిక్కదనాన్ని తెలుపుతుంది. 30 తరగతి ఆయిలు ఆ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల మధ్య ఉంటుంది. 40 తరగతి 12.5 నుంచి 16.3 మధ్య ఉంటుంది. పేరిన నెయ్యికి, కాచిన నెయ్యికి తేడా తెలిసిన ఇల్లాలికి ఇందులో కొత్త ఏమీ లేదు. డిసెంబరు ఉదయాన గరిటెకు అంటుకునే నెయ్యి పొయ్యి మీద నీరవుతుంది. మంచి ఆయిలు ఉదయం పేరకూడదు, మధ్యాహ్నం నీరు కాకూడదు.

రెండో వాక్యం నాణ్యత గురించి. అమెరికా పెట్రోలియం సంస్థ ఏ.పి.ఐ. ఇచ్చే గుర్తులో ‘ఎస్’ పెట్రోలు ఇంజనుకు, ‘సి’ డీజిలు ఇంజనుకు సంకేతం. పెట్రోలు తరగతులలో ‘ఎస్’ తరువాతి అక్షరం వర్ణమాలలో ముందుకు పోయినకొద్దీ ఆయిలు కొత్త తరానిది. నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే చిన్న టర్బో ఇంజనులలో ఒక కొత్త జబ్బు కనిపించింది. తక్కువ వేగంలో ఆక్సిలేటరు గట్టిగా నొక్కినప్పుడు, స్పార్కు రాకముందే మిశ్రమం అంటుకొని పిస్టను పగిలే ప్రమాదం అది. ఆయిలులో ఉండే కాల్షియం లవణాలు ఆ జబ్బును పెంచుతాయని తేలింది. 2020లో అమలులోకి వచ్చిన ‘ఎస్‌పి’ తరగతిలో ఈ ప్రమాదానికి, టైమింగు చెయిను అరుగుదలకు కూడా పరీక్షలు పెట్టారు. అటువంటి పెట్రోలు కారు కొన్నవారు ‘ఎస్‌పి’ గాని, అంతకంటె కొత్తది గాని లేని డబ్బాను చౌకగా వచ్చినా తాకకండి.

ఐరోపా కార్ల తయారీదారుల సంఘం ఎ.సి.ఇ.ఏ. గుర్తులు చిన్న డీజిలు కార్లకు మరింత ముఖ్యం. ఎ3/బి4, ఎ5/బి5, సి2, సి3 వంటివి ఈ కోవలోనివి. ఒకే 30 తరగతిలో కూడా ఎ5/బి5 ఆయిలు తీవ్రమైన వేడిలో పలుచటి పొరను, సి3 ఆయిలు దళసరి పొరను ఇస్తాయి. కాబట్టి చిక్కదనం అంకె ఒక్కటే కలిస్తే చాలదు. పొగగొట్టంలో మసిని పట్టే డి.పి.ఎఫ్. ఫిల్టరు ఉన్న భారత్ స్టేజ్-6 డీజిలు కార్లకు, బూడిద తక్కువగా మిగిల్చే ‘సి’ జాతి ఆయిలే వాడాలి. మసిని ఆ ఫిల్టరు కాల్చివేసుకోగలదు. ఆయిలు నుంచి వచ్చే బూడిదను కాల్చలేదు. అది పేరుకొనిపోయి, ఖరీదైన ఫిల్టరు శాశ్వతంగా మూసుకుపోతుంది.

మూడో వాక్యం కారు కంపెనీ అనుమతి. అనువాదకుడికి ఇక్కడే పని పడుతుంది. ఫోక్స్‌వాగన్, మెర్సిడిస్, ఫియట్ వంటి కంపెనీలు తమ తమ ప్రమాణాలకు సంఖ్యలు ఇస్తాయి. డబ్బా మీద ఆ సంఖ్య పక్కన ఏ క్రియ వాడారో చూడండి. ‘ఆమోదం పొందినది’ అంటే కారు కంపెనీ పరీక్షా ఫలితాలు చూసి ఒప్పుకున్నదని అర్థం. ‘ప్రమాణాలకు సరితూగును’ అంటే ఆ మాట ఆయిలు కంపెనీది. మూడో మనిషి సాక్ష్యం లేదు. ‘ఫలానా కార్లలో వాడదగినది’ అంటే అది సలహా మాత్రమే. ఈ మూడు వాక్యాలూ ఇంగ్లీషులో ఇంచుమించు ఒకేలా ధ్వనిస్తాయి. పెళ్ళికి ఒప్పుకున్నాము, ఒప్పుకోవచ్చు, ఒప్పుకుంటే బాగుంటుంది అన్న మూడు మాటలకు ఉన్నంత దూరం వాటి మధ్య ఉన్నది.

‘సింథటిక్’ అన్న ఒక్క మాటకే మురిసిపోకండి. సింథటిక్ ఆయిళ్ళు వేడికి త్వరగా మాడవు కనుక టర్బోకు మంచివే. అయినా పై మూడు వాక్యాలు మీ చేతిపుస్తకంతో కలవనప్పుడు ఆ మాటకు విలువ లేదు. అలాగే, “బండి పాతబడింది, చిక్కటి ఆయిలు పోయండి” అనే సలహా తరచు వినబడుతుంది. చిక్కటి ఆయిలు చప్పుడును తాత్కాలికంగా కప్పుతుంది. కాని చల్లని ఉదయాన ఆ సన్నని గొట్టం గుండా టర్బోకు చేరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. తయారీదారు ఒకటి కంటె ఎక్కువ తరగతులను అనుమతించి ఉంటే, మన ఎండలకు వాటిలో చిక్కనిది ఎంచుకోవచ్చు. ఆ పట్టిక దాటి పోవద్దు. చేతిపుస్తకం పోయి ఉంటే కంపెనీ డీలరు దగ్గర గాని, కంపెనీ ప్రచురించిన ప్రతిలో గాని చూడండి. బజారులోని ఊహాగానాల మీద ఆధారపడవద్దు.

కొన్న వారంలో చేయవలసినవి

అమ్మినవారు “మొన్ననే ఆయిలు మార్పించాం” అంటారు. నిజమే కావచ్చు. రసీదులో తేదీ, కిలోమీటర్లు, ఆయిలు తరగతి లేనప్పుడు ఆ మాటను మర్యాదగా విని, ఆయిలును, ఫిల్టరును వెంటనే మార్పించండి. పోసే మూతను తీసి లోపల చూడండి. నల్లని జిగట మడ్డి పేరుకొని ఉంటే బేరం దగ్గరే ఆలోచించుకోవడం మంచిది. కొనేసి ఉంటే, ఘాటైన శుద్ధి ద్రవాలు పోసి ఒక్క రోజులో కడిగించే ప్రయత్నం చేయవద్దు. ఊడిన మడ్డి ముక్కలు పంపు జల్లెడను మూసేస్తే టర్బోకు ఆయిలు ఆగిపోతుంది. మంచి ఆయిలు పోసి, రెండు మూడు వేల కిలోమీటర్లకే మళ్ళీ మార్పించి, నెమ్మదిగా శుభ్రపడనివ్వడం క్షేమం.

ఆ తరువాత గడువు మాటకు వద్దాం. పదివేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది, అని అనేక చేతిపుస్తకాలు చెబుతాయి. కాని అదే పుటలో ‘కఠిన పరిస్థితులు’ అని మరొక పట్టిక ఉంటుంది. దుమ్ము, మండుటెండ, ఆగి ఆగి కదిలే రద్దీ, రోజూ రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలు, ఇవన్నీ అందులో ఉంటాయి. హైదరాబాదు, చెన్నై, పూనా రోడ్ల మీద నడిచే కారుకు ఏ పట్టిక వర్తిస్తుందో చెప్పనవసరం లేదు. గడువును ఆ పట్టిక ప్రకారమే లెక్కించుకోండి.

విడిభాగాల బజారులో

ఢిల్లీలో కశ్మీరీ గేట్, కోల్‌కతాలో మల్లిక్ బజార్, చెన్నైలో పుదుప్పేట, విజయవాడలో ఆటోనగర్ వంటి చోట్ల దొరకని విడిభాగం లేదంటారు. దొరికేవాటిని నాలుగు జాతులుగా విడదీయవచ్చు. కారు కంపెనీ పెట్టెలో వచ్చేవి మొదటివి. అదే వస్తువును తయారుచేసి కంపెనీకి సరఫరా చేసే సంస్థ, తన సొంత పెట్టెలో అమ్మేవి రెండోవి. వస్తువు సాధారణంగా ఆ నాణ్యతదే, ధర తక్కువ. తెలివైన గృహస్థు వెదకవలసినది వీటినే. ఇతర సంస్థలు తమ లెక్క ప్రకారం తయారుచేసేవి మూడోవి. వీటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. పేరున్న పెట్టెను అనుకరించే నకిలీలు నాలుగోవి. ముద్రణ మసకగా ఉన్నా, సీలు తెగి ఉన్నా, బ్యాచి సంఖ్య లేకున్నా, దుకాణదారు బిల్లు ఇవ్వడానికి వెనుకాడినా వెనుదిరగండి. ఖాళీ అయిన మీ ఆయిలు డబ్బాకు చిల్లు పొడిచి పారేయండి. చక్కని డబ్బా చిక్కితే దానిలో ఏమైనా నింపి అమ్మేవారున్నారు.

“స్విఫ్ట్ డీజిలు టర్బో ఇవ్వండి” అని అడగడం, “నంబరు ఎనిమిది చెప్పులివ్వండి” అని అడిగినంత తేలిక కాదు. ఒకే మల్టీజెట్ ఇంజను 75 హార్సుపవరుతో ఒక రకం టర్బోను, 90 హార్సుపవరుతో రెక్కల కోణం మారే మరో రకం టర్బోను మోసింది. కారు పేరు, సంవత్సరం చాలవు. ఛాసిస్ నంబరుతో కంపెనీ జాబితాలో విడిభాగం సంఖ్య తెలుసుకొని, పాత టర్బో మీది పలక సంఖ్యతో పోల్చుకోండి. గారెట్, బోర్గ్‌వార్నర్, ఐ.హెచ్.ఐ., మిత్సుబిషి వంటి తయారీదారులు తమ టర్బోల మీద ఆ సంఖ్యను చెక్కి ఉంచుతారు.

ఎక్కడ పొదుపు చేయవచ్చు, ఎక్కడ చేయరాదు అనేది తరువాతి ప్రశ్న. వైపరు రబ్బరు, లోపలి దీపాలు, తివాచీలు చౌకవి కొన్నా ఇంజను ప్రాణం పోదు. ఆయిలు ఫిల్టరు, గాలి ఫిల్టరు మాత్రం మంచివే వేయాలి. నాసిరకం గాలి ఫిల్టరు దాటి వచ్చిన దుమ్ము, ఆ వేగంలో తిరిగే రెక్కలను ఉప్పుకాగితంలా గీరుతుంది. ఇక స్క్రాపు బజారులో దొరికే వాడిన టర్బో సంగతి. అది ఏ ఆయిలు తాగిందో, ఎందుకు ఊడివచ్చిందో ఎవరికీ తెలియదు. అంతకంటె, మీ టర్బో కవచం బాగున్నప్పుడు ఇరుసు, బేరింగులు ఉన్న మధ్యభాగాన్ని మాత్రం కొత్తగా వేయించడం మంచి మార్గం. ఆ పని చేసేవారు ఇరుసు సమతూకాన్ని యంత్రం మీద సరిచూచి, ఆ కాగితం మీ చేతికి ఇవ్వాలి. కాగితం లేదంటే పని కూడా కాలేదనే అనుకోవాలి.

రోగ మొకటి, మందొకటి

నాకు తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు ఏడేళ్ళు వాడిన డీజిలు కారు కొన్నారు. నాలుగు నెలలకు టర్బో ఊళ వేసింది. “మాష్టారూ, టర్బో పోయింది. కొత్తది వేసేద్దాం” అన్నాడు వీధి చివరి మెకానిక్కు. వేశారు. మరో ఐదు నెలలకు కొత్తదీ పోయింది. ఈసారి ఆయన ఆటోనగర్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు వెళ్ళారు. “వేయడం అరగంట పని మాష్టారూ. ఎందుకు పోయిందో తెలిశాక వేద్దాం” అన్నాడు ఆ మేస్త్రీ. ఆయిలు వచ్చే గొట్టాన్ని విప్పి, ఒక సన్న తీగ దూర్చి చూపించాడు. లోపల బొగ్గు గట్టిపడి, తీగ సగం దూరం కూడా పోలేదు. ఆ గొట్టం ఖరీదు టర్బో ఖరీదులో ఇరవయ్యో వంతు లేదు. మొదటిసారే దాన్ని మార్చి ఉంటే రెండో టర్బో ఖర్చు తప్పేది.

టర్బో తనంత తాను చావడం అరుదు. ఎక్కువగా దాన్ని ఏదో చంపుతుంది. కనుక కొత్తది బిగించే ముందు మెకానిక్కుతో కలిసి ఈ నాలుగూ సరిచూడండి. ఆయిలు వచ్చే గొట్టం, పోయే గొట్టం శుభ్రంగా ఉన్నాయా, లేక కొత్తవి వేయాలా? ఇంజనులో ఆయిలు ఒత్తిడి కొలత సరిగా ఉన్నదా? పాత చక్రం రెక్కలు విరిగి ఉంటే ఆ ముక్కలు ఎక్కడ చిక్కుకున్నాయి? గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరులో ఆయిలు నిలిచి ఉన్నదా? ఆ తరువాత కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు, కొత్త రాగి వాషర్లు వేసి, టర్బోలో ముందుగా కొద్దిపాటి శుభ్రమైన ఆయిలు నింపి, అప్పుడు స్టార్టు చేయాలి.

ఇంటర్‌కూలరు మాట ప్రాణానికి సంబంధించినది. డీజిలు ఇంజను ఆయిలును కూడా ఇంధనంగా మండించగలదు. చెడిన టర్బో నుంచి కారిన ఆయిలును ఇంజను పీల్చుకుంటే, ఆక్సిలేటరు వదిలినా, తాళం తిప్పి ఆపినా అది ఆగదు. దట్టమైన పొగతో తనంత తాను అరుస్తూ వేగం పెంచుకుంటుంది. అటువంటి వేళ చేతి గేర్ల కారు అయితే బ్రేకును గట్టిగా తొక్కిపట్టి, అన్నిటికంటె పెద్ద గేరు వేసి, క్లచ్చిని వదిలి ఇంజనును బలవంతంగా ఆపాలి. అది సాధ్యం కాకపోతే అందరూ దిగి దూరంగా పోవాలి. బానెట్టు ఎత్తి గాలి గొట్టానికి చేయి అడ్డం పెట్టే సాహసం ఎన్నడూ చేయకండి. నీలి పొగ, తగ్గిపోతున్న ఆయిలు మట్టం, గాలి గొట్టాల అతుకుల దగ్గర తడి కనిపిస్తే, అంతదాకా రాకముందే బండిని షెడ్డుకు చేర్చండి.

మొదటి నిమిషం, చివరి నిమిషం

ఎంత మంచి ఆయిలు పోసినా నడిపే తీరు సరిగా లేకపోతే ప్రయోజనం లేదు. స్టార్టు చేసిన వెంటనే ఇంజనును అరిపించకండి. ఆయిలు పైకి చేరడానికి కొన్ని క్షణాలు ఇచ్చి, ఇంజను వేడెక్కేదాకా నెమ్మదిగా నడపండి. జాతీయ రహదారి మీద వేగంగా వచ్చి, లేదా ఘాటు ఎక్కి వచ్చి ఆగినప్పుడు వెంటనే తాళం తిప్పకండి. ఇంజను ఆగితే ఆయిలు ఆగుతుంది, చక్రం వేడి మాత్రం ఆగదు. ఆ వేడికి గొట్టంలో నిలిచిన ఆయిలు మాడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నిదానంగా తిరగనివ్వండి. చివరి కిలోమీటరు ఊళ్ళో మెల్లగా నడిపి వచ్చినవారికి ఆ నిరీక్షణ కూడా అక్కరలేదు.

ఇవన్నీ గుర్తుంచుకోవడానికి రెండు వందల పుటల నోటు పుస్తకం అవసరం లేదు. కారు అరలో ఒక సన్నని పుస్తకం పెట్టుకోండి. ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్లు, డబ్బా వెనుక చదివిన మూడు వాక్యాలు, వేసిన ఫిల్టరు సంఖ్య, నెలకొకసారి చూసిన ఆయిలు మట్టం రాసి, బిల్లులను అందులో అంటించండి. కారును మీరు అమ్మే రోజున కొనేవారు మీ మాటను నమ్మాలా వద్దా అని సందేహించనక్కరలేదు. పుస్తకం వారి చేతిలో పెట్టండి. మీరు కొన్ననాడు మీకు దొరకనిది వారికి దొరుకుతుంది.